కస్తూరి బెండ పెంపకం: గింజలోని పరిమళం పోకుండా పాటించవలసిన పద్ధతులు

పత్తి, బెండ, గోంగూర, మందారం ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు. ఏ పువ్వును విప్పి చూసినా కేసరాలన్నీ కలిసి ఒక గొట్టంగా ఏర్పడి, ఆ గొట్టం నడుమ నుంచి కీలం పైకి రావడం కనిపిస్తుంది. ఆ కుటుంబంలో మనిషి విత్తకుండానే అడవి అంచుల్లో, వాగు ఒడ్డున, తేమ నిలిచే పొదల మధ్య మొలిచి, వానకాలంలో ఎదిగి, చలికాలంలో కాయ పండి, ఎండలు ముదిరేనాటికి ఎండిపోయే మొక్క కస్తూరి బెండ. దీని శాస్త్రీయ నామం అబెల్మోస్కస్ మాస్కేటస్. నీరు అందితే కొన్ని మొక్కలు రెండో ఏడు కూడా చిగురిస్తాయి గాని, గింజ కోసం పెంచేవారు దీనిని ఏకవార్షిక పంటగా భావించి ఏటా కొత్తగా విత్తుకోవడమే మేలు.

ఈ మొక్క విలువంతా దాని గింజలో ఉంది. చిన్నగా, బూడిద కలిసిన గోధుమ రంగులో ఉండే ఆ గింజను అరచేతిలో వేసి గట్టిగా నలిపితే కస్తూరిని పోలిన పరిమళం వస్తుంది. అసలు కస్తూరి మగ కస్తూరి మృగం పొట్ట దగ్గరి గ్రంథి నుంచి వచ్చేది. ఆ జంతువు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మొదటి షెడ్యూలులో రక్షణ పొందుతున్నది కనుక, అదే కోవకు చెందిన సువాసనను ఒక మొక్క నుంచి పొందగలగడం చిన్న విషయం కాదు. ఈ గింజల నూనెలో ఆ పరిమళానికి మూలమైన ఆంబ్రెటోలైడ్ అనే పదార్థాన్ని 1927లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త మాక్స్ కెర్ష్‌బామ్ వేరుచేసి గుర్తించాడు. అత్తరు తయారీలో, సుగంధ ద్రవ్యాల్లో ఈ గింజను చాలా కాలంగా వాడుతున్నారు.

పరిమళాన్నిచ్చే నూనె ముఖ్యంగా గింజ పైపొరలో ఉంటుంది. ఆ పొర బూజు పట్టినా, పురుగు పీల్చినా, వానకు తడిసి నల్లబడినా పంట పండినట్టే కనిపిస్తుంది కాని వాసన మిగలదు. అందువల్ల విత్తడం, కలుపు తీయడం, నీరు పెట్టడం వంటి పనులన్నీ బెండ పండించిన ఏ రైతుకైనా తెలిసినవే అయినా, కాయ కోసే సమయాన్ని నిర్ణయించుకోవడం మాత్రం ప్రత్యేకంగా నేర్చుకోవలసిన పని. ఈ వ్యాసంలో దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

సరైన మొక్కను గుర్తించడం

వరంగల్, ములుగు, భూపాలపల్లి ప్రాంతాలలో చేల ఒడ్డున 'అడవి బెండ' అని పిలిచే మొక్కలు ఒకటి కాదు, కొన్ని ఉన్నాయి. పేరును బట్టి విత్తనం సేకరిస్తే పొరపాటు జరుగుతుంది. అందువల్ల కింది లక్షణాలను మొక్క దగ్గర నిలబడి ఒకటొకటిగా సరిచూసుకోవాలి.

కస్తూరి బెండ సాధారణంగా ఒకటి నుంచి రెండు మీటర్ల ఎత్తు పెరుగుతుంది. కాండం మీద, ఆకు తొడిమల మీద గరుకైన నూగు ఉంటుంది. ఒకే మొక్క మీద ఆకులు వేర్వేరు ఆకారాల్లో ఉంటాయి; కింది ఆకులు హృదయాకారంలో, కొద్దిపాటి కోణాలతో ఉంటే, పై ఆకులు లోతుగా చీలి వేళ్లు చాచినట్టుగా ఉంటాయి. ఆకు మొదట్లో ఒంటరిగా పూచే పువ్వు అరచేయంత వెడల్పున, నిండు పసుపు రంగులో ఉండి, నడుమ ముదురు ఊదా రంగు మచ్చ కలిగి ఉంటుంది. ఉదయం విచ్చుకున్న పువ్వు ఆ పూటతోనే వాడుతుంది. పువ్వు రాలేటప్పుడు దాని రక్షకపత్రం ఒక పక్కన చీలి పూరేకులతో పాటే ఊడిపోవడం బెండ జాతులన్నిటికీ ఉన్న గుర్తు. గోంగూరలో, మందారంలో అలా జరగదు. ఆ రక్షకపత్రానికి బయట ఆరు నుంచి పది వరకు సన్నని పత్రాలు వలయంగా ఉంటాయి. కస్తూరి బెండలో ఇవి కాయ ఎదిగేటప్పుడు కూడా దాని మొదట్లో నిలిచి ఉంటాయి. కాయ ఐదు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల పొడవున, కొన మొనదేలి, గరుకు వెంట్రుకలతో ఉంటుంది.

నల్లరేగడి పత్తి చేలలో కలుపుగా కనిపించే మరొక అడవి బెండ ఉంది. దాని పువ్వు తెల్లగా పూచి వాడేటప్పుడు గులాబీ రంగుకు తిరుగుతుంది, కాయ పొట్టిగా ఐదు కోణాలతో ఉంటుంది, పువ్వు వెలుపలి సన్నని పత్రాలు తొందరగా రాలిపోతాయి. దాని గింజకు కస్తూరి వాసన లేదు. తుత్తురు బెండ పువ్వు కూడా పసుపుగానే ఉంటుంది గాని, నడుమ ఊదా మచ్చ ఉండదు, కాయ అనేక అరలు చక్రంలా కూర్చినట్టు గుండ్రంగా ఉంటుంది. అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేది పసుపు పువ్వు, ఊదా మచ్చ రెండూ ఉన్న వేరొక బెండ జాతి. దానిలో పువ్వు వెలుపలి పత్రాలు సన్నగా కాక వెడల్పుగా ఉంటాయి. సందేహం తీరకపోతే పండిన గింజను నలిపి వాసన చూడటమే చివరి పరీక్ష. నర్సరీలలో కుండీల కోసం అమ్మే ఎర్ర పూల, గులాబీ పూల పొట్టి రకాలు పూల అందానికి ఎంపిక చేసినవి కనుక, గింజ కోసం పెంచదలచినవారు వాటిని ఎంచుకోకూడదు.

అభయారణ్యాల్లో, రిజర్వు అడవుల్లో గింజలు ఏరడానికి అటవీ శాఖ అనుమతి అవసరం. ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాల పక్కన ఉన్నవారు ఈ సంగతి ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. బయట దొరికిన మొక్క నుంచి సేకరించినా కాయలన్నీ కోసుకురాకుండా సగానికి పైగా అక్కడే వదిలివేయడం మన బాధ్యత. ఏటా గింజతోనే మళ్లీ మొలవవలసిన మొక్కకు ఆ గింజే లేకపోతే ఆ చోట అది అంతరిస్తుంది.

నేల, కాలం, విత్తడం

నీరు ఇంకిపోయే ఎర్ర చెల్క దీనికి బాగా సరిపోతుంది. రేగడిలో కూడా పెరుగుతుంది గాని, జులై, ఆగస్టు ముసురు వానలకు వేరు దగ్గర నీరు నిలిస్తే మొక్క కుళ్లిపోతుంది కనుక, రేగడిలో తప్పనిసరిగా బోదెలు తోలి బోదె మీదనే విత్తుకోవాలి. నిరుడు పత్తి, బెండ, గోంగూర వేసిన మడిలో దీనిని వేయకూడదు. వాటిని ఆశించే పురుగులే దీనినీ ఆశిస్తాయి. పెసర, మక్కజొన్న వంటివి తీసిన నేల మంచిది.

మొదటిసారి పెంచేవారు గుంట భూమికి మించి వేయవద్దని నా సలహా. గుంటకు సుమారు 100 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు వేసి, రెండుసార్లు దున్ని, గుంటుకతో చదును చేస్తే చాలు. యూరియా ఎక్కువ వేస్తే ఆకు దట్టంగా వచ్చి, పూత ఆలస్యమై, మెత్తని చిగుళ్లకు పచ్చదోమ చేరుతుంది. చాళ్ల మధ్య 60 సెంటీమీటర్లు, చాలులో మొక్కకూ మొక్కకూ 60 సెంటీమీటర్లు ఉంచితే గుంటలో సుమారు 280 మొక్కలు పడతాయి. ఒక్కో చోట రెండు గింజల చొప్పున వేసినా పాతిక గ్రాముల విత్తనం సరిపోతుంది.

విత్తే సమయం గురించి ఒక మాట వివరంగా చెప్పాలి. మిరుగం చినుకులు పడగానే విత్తాలన్న తొందర పత్తి రైతుకు సహజం. కస్తూరి బెండకు ఆ తొందర అక్కరలేదు. విత్తిన రెండు నుంచి రెండున్నర నెలలకు పూత మొదలై, ఆ పూతకు వచ్చిన కాయ పండటానికి మరో నెల పైగా పడుతుంది కనుక, జూన్ మొదట్లో విత్తితే తొలి కాయలు సెప్టెంబర్, అక్టోబర్ వానల్లో పక్వానికి వచ్చి, తడిసి, లోపల బూజు పడతాయి. ఆరుద్ర కార్తె చివరి రోజుల నుంచి పునర్వసు కార్తె ముగిసేలోగా, అంటే జులై మొదటి మూడు వారాల్లో విత్తితే కాయ పండే కాలానికి వానలు వెనకబడి పొడి గాలి మొదలవుతుంది. మన ప్రాంతంలో ఈ ఒక్క జాగ్రత్త గింజ నాణ్యతను ఎంతో కాపాడుతుంది.

గింజ పైపొర గట్టిది. అలాగే విత్తితే కొన్ని వారానికి, కొన్ని నెలకు మొలిచి చేను ఎగుడుదిగుడుగా ఉంటుంది. గింజలను గరుకు కాగితం మడతలో వేసి మెల్లగా నాలుగైదు సార్లు రుద్ది, ఆ తరువాత గోరువెచ్చని నీటిలో ఒక రాత్రంతా నానబెట్టాలి. మరిగే నీరు పోయకూడదు. లోపలి మొలక చచ్చిపోతుంది. తెల్లవారి తేలిన గింజలను పారవేసి, మునిగిన వాటిని నీడలో కాసేపు ఆరబెట్టి, ఒకటి రెండు సెంటీమీటర్ల లోతులో విత్తి, పలుచగా మట్టి కప్పాలి. వారం నుంచి రెండు వారాల్లో మొలకలు వస్తాయి. మూడు నాలుగు ఆకులు వచ్చాక చోటుకు ఒక బలమైన మొక్కను ఉంచి రెండవదాన్ని తీసివేయాలి. తల్లి వేరు నేరుగా కిందికి దిగే మొక్క కనుక నారు పోసి నాటడం కంటే నేరుగా విత్తడమే నయం.

పెరిగే కాలంలో

మొదటి నెలన్నర కలుపు లేకుండా చూసుకుంటే ఆ తరువాత మొక్కే నేలను కమ్ముతుంది. వానలు ఉన్నంతకాలం నీరు అక్కరలేదు. అవి ఆగాక ఎర్రనేలలో వారానికి, రేగడిలో పది పన్నెండు రోజులకు ఒక తడి సరిపోతుంది. తొలి కాయలు గోధుమ రంగుకు తిరగడం మొదలైనప్పటి నుంచి తడుల మధ్య ఎడం పెంచాలి.

పురుగుల విషయంలో అశ్రద్ధ పనికిరాదు, ఎందుకంటే ఇక్కడ నష్టం మన గుంటకే పరిమితం కాదు. తెల్లదోమ, పచ్చదోమ, పిండినల్లి, మచ్చల కాయతొలుచు పురుగు పత్తిలోనూ బెండలోనూ ఉండేవే. చేను ఒడ్డున పట్టించుకోకుండా వదిలిన కస్తూరి బెండ పక్క రైతు పత్తికి పురుగులను పంపే స్థావరంగా మారుతుంది. ఉమ్మడి వరంగల్ జిల్లాలో పత్తి లేని ఊరు అరుదు కనుక, ఈ మొక్కను పత్తి చేనుకు ఆనించి కాకుండా ఇంటి పెరట్లోనో, పండ్ల తోటలోనో, కనీసం నడుమ రెండు మూడు చాళ్ల జొన్న వేసి దాని వెనుకనో పెంచాలి. ఎత్తుగా పెరిగిన జొన్న తెల్లదోమ రాకపోకలను కొంత అడ్డుకుంటుంది.

వాలిన చిగురు కనిపిస్తే లోపల కాయతొలుచు పురుగు ఉన్నట్టే; ఆ కొనను పురుగుతో సహా తుంచి నాశనం చేయాలి. ఆకుల ఈనెలు పసుపు వలలా మారిన మొక్కను పీకి పాతిపెట్టాలి. రసం పీల్చే పురుగులు కనిపించిన తొలి దశలోనే లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడిని రాత్రంతా నానబెట్టి, వడగట్టి, చిటికెడు సబ్బు పొడి కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగు భాగం తడిసేలా పిచికారీ చేస్తే గుంట మేరకు సాధారణంగా సరిపోతుంది. పసుపు రంగు జిగురు అట్టలు కూడా వాడవచ్చు. కాయలు పండటం మొదలయ్యాక మాత్రం ఘాటైన వాసన గల ఏ ద్రావణాన్నీ చల్లకపోవడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే మనం అమ్మేది ఆ గింజ వాసననే.

కాయ కోత

కస్తూరి బెండ కాయలన్నీ ఒక్కసారి పండవు. కింది కణుపుల కాయలు ఎండే సమయానికి నడిమి కాయలు పచ్చిగా, పై కొమ్మలు ఇంకా పూతలో ఉంటాయి. అక్టోబర్ చివర మొదలైన కోత జనవరి వరకు, నీరు అందితే ఇంకా ముందుకు సాగుతుంది. చెట్టంతా ఎండాక ఒకేసారి కోసుకుందామని ఆగితే మొదటి కాయలు ఎప్పుడో పగిలి గింజలు నేలపాలై ఉంటాయి. ఒకేసారి తొందరపడి కోస్తే సగం గింజలు పచ్చివి, వాసన లేనివి వస్తాయి. కాబట్టి నాలుగైదు రోజులకొకసారి చేను తిరిగి పండిన కాయను మాత్రమే కోయడం తప్ప వేరే దారి లేదు. ఈ శ్రమ చేయలేనివారు దీనిని పంటగా వేయకపోవడమే మేలని నిష్కర్షగా చెబుతాను.

కాయ కోతకు వచ్చిందని మూడు గుర్తులతో తెలుసుకోవచ్చు. పచ్చరంగు పూర్తిగా పోయి గోధుమ రంగు, ఆపై నలుపు చాయ రావాలి. చేత్తో నొక్కితే తోలు మెత్తగా కాక పెళుసుగా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యమైనది మూడవది: కాయ కొన దగ్గర ఐదు అతుకుల్లో ఒకటి రెండు సన్నగా విడి, గీతలా కనిపించాలి. ఆ గీత కనిపించిన కాయను ఆ రోజే కోయాలి. అది ఇంకా తెరుచుకుంటే రెండు నష్టాలు ఉన్నాయి. మొదటిది గింజ రాలడం. రెండవది, ఎర్రని ఒంటి మీద నల్ల మచ్చలతో పత్తి చేలల్లో గుంపులుగా తిరిగే పురుగులు ఆ పగులు నుంచి లోపలికి చేరి గింజలను పీల్చివేయడం. వాటి బారిన పడిన గింజలు తేలికై, నొక్కుకుపోయి, వాసన కోల్పోతాయి.

కోత ఉదయాన్నే, మంచు ఆరకముందు జరపాలి. అప్పుడు తోలు కొద్దిగా మెత్తబడి ఉంటుంది కనుక చేయి తగిలితే కాయ చిట్లి గింజలు ఎగిరిపడవు. కాయను లాగకుండా తొడిమతో సహా కత్తెరతో కత్తిరించి గుడ్డ సంచిలో వేసుకోవాలి. ప్లాస్టిక్ సంచి వద్దు. అందులో మంచు తడి నిలిచి సాయంత్రానికి కాయలు చెమ్మగిల్లుతాయి. కాయ మీది గరుకు వెంట్రుకలు చర్మంలో గుచ్చుకుని దురద, మంట పెడతాయి కనుక, నిండు చేతుల చొక్కా, చేతి తొడుగులు వేసుకోవాలి, ఆ చేతులతో కళ్లు తుడుచుకోకూడదు. చిన్నపిల్లలకు ఈ పని అప్పగించవద్దు.

అనుకోకుండా మబ్బు పట్టి తుపాను సూచన ఉంటే పూర్తిగా గోధుమ రంగుకు వచ్చిన కాయలను, అతుకు విడకపోయినా, ముందే కోసుకోవడం మంచిది. ఇంట్లో గాలి తగిలేచోట పరిస్తే అవి నిదానంగా ఎండి తెరుచుకుంటాయి. పచ్చదనం ఉన్న కాయలు మాత్రం అలా పండవు. వాటిని మొక్క మీదనే వదలాలి.

ఆరబెట్టడం, నిల్వ

కోసిన కాయలను గుడ్డ మీద పలుచగా పరిచి రెండు మూడు రోజులు నీడలో, ఆ తరువాత ఒక రోజు ఉదయపు లేత ఎండలో ఉంచాలి. ఎర్రటి మధ్యాహ్నపు ఎండలో రోజుల తరబడి ఉంచితే పైపొరలోని నూనె ఆవిరవుతుంది. మిరపకాయలు ఆరబోసిన కల్లంలో, కిరోసిన్ గాని పురుగుమందు గాని ఉంచిన గదిలో, పొగ తగిలే వంటింట్లో వీటిని పెట్టకూడదు. పరకాల, నర్సంపేట వైపు జనవరి నుంచి ప్రతి ఊళ్లో మిరప కల్లాలు ఉంటాయి కనుక, చివరి కోతల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

ఎండిన కాయలను గోనెసంచిలో వేసి కర్రతో మెల్లగా తట్టితే గింజలు విడిపోతాయి. గట్టిగా బాదితే పైపొర పగులుతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని చేటతో చెరిగి, సన్నని జల్లెడ పట్టి, తాలు గింజలను ఏరివేయాలి. మంచి గింజ చిక్కుడు గింజ ఆకారంలో మూడు నాలుగు మిల్లీమీటర్ల పొడవున ఉండి, దాని మీద వంపును అనుసరించి సన్నని గీతలు వరుసగా కనిపిస్తాయి. ఒక గింజను పంటి కింద పెడితే టక్కున విరగాలి. మెత్తగా అణిగితే ఇంకా ఆరలేదని అర్థం.

నిల్వకు మూత బిగుతుగా పట్టే గాజు సీసా గాని, శుభ్రమైన స్టీలు డబ్బా గాని వాడి, వెలుతురు తగలని చల్లని చోట ఉంచాలి. ఒక్కో కోత గింజను వేరు డబ్బాలో పోసి తేదీ రాసిన చీటీ అంటించడం మంచి అలవాటు, ఎందుకంటే చివరి కోతల్లో తాలు ఎక్కువ ఉంటుంది, దానిని తొలి కోతలతో కలిపితే మొత్తం సరుకు విలువ పడిపోతుంది. గింజను పొడి చేసి నిల్వ ఉంచకూడదు, అవసరమైనప్పుడే దంచుకోవాలి.

ఇంటి వాడకానికి గుప్పెడు గింజలను పలుచని గుడ్డలో మూటకట్టి బీరువాలో బట్టల మధ్య ఉంచవచ్చు. అమ్మకం మాట వేరు. ఎనుమాముల మార్కెట్‌లో పత్తికీ మిరపకూ ఉన్నట్టుగా ఈ గింజకు పాట జరగదు. సుగంధ ద్రవ్యాల తయారీదారులు, మూలికల వ్యాపారులు నేరుగా కొంటారు. కొనేవారితో ధర, పరిమాణం, తేమ శాతం ముందే రాతపూర్వకంగా మాట్లాడుకున్నాకే గుంట దాటి ఎకరం గురించి ఆలోచించాలి. ఈ గింజలకు వైద్యంలో కూడా వాడుక ఉంది గాని, వైద్యుల సలహా లేకుండా మందుగా తీసుకోవద్దు.

వచ్చే ఏటి విత్తనం కోసం పూత దశలోనే ఆరోగ్యంగా ఉన్న పది పన్నెండు మొక్కలను గుర్తించి, వాటికి రంగు దారం కట్టుకోవాలి. వాటి మొదటి రెండు కోతల గింజలనే విత్తనంగా తీసి, ప్రతి మొక్క నుంచి రెండు గింజలు నలిపి వాసన చూసి, పరిమళం బలహీనంగా ఉన్న మొక్క గింజలను పక్కన పెట్టాలి. ఇలా రెండు మూడు ఏళ్లు ఎంపిక చేస్తే మన నేలకు అలవాటుపడిన, వాసన నిండుగా ఉన్న విత్తనం మన చేతిలో ఉంటుంది.

చివరి కోత ముగిశాక మోళ్లను చేనులో నిలువునా వదలకూడదు. ఫిబ్రవరి దాటకముందే వేళ్లతో సహా పీకి, పురుగు పట్టిన కాయలను కాల్చివేసి, మిగిలిన కట్టెను ఎరువు గుంతలో వేసి మట్టి కప్పాలి. రాలిన గింజలు తొలి వానలకు ఒడ్డు వెంట మొలుస్తాయి కనుక, జూన్‌లో పత్తి విత్తేలోగా ఒకసారి చుట్టూ తిరిగి, అక్కరలేని మొలకలను పత్తి చేనుకు దగ్గరగా ఉన్నవాటితో మొదలుపెట్టి తీసివేయాలి.